కింద పరుచుకునేదే ముందు: మన కొండల పడక చరిత్ర

ఈ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు రెండు రోజులు ఆలోచించాను. పోరాటాల గురించి, పండుగల గురించి, థింసా గురించి రాయగలిగినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను హాస్టల్ వార్డెన్‌ని. రాత్రి పదింటికి టార్చిలైటు పట్టుకుని గదులన్నీ తిరిగి, ఏ పిల్ల ఎలా పడుకుందో చూడటం నా పనిలో ఒక భాగం. కాబట్టి నాకు తెలిసిన సంగతే రాస్తాను. మనవాళ్ళు ఎలా పడుకునేవారు, ఎండకి, వానకి, చలికి పడకను ఎలా మార్చుకునేవారు, ఆ తెలివి కొండ దిగి హాస్టల్ గదిలోకి వచ్చేసరికి ఎక్కడ జారిపోయింది అన్నదే ఈ వ్యాసం.

గడ్డి, చాప, బొంత వాడగా వాడగా అరిగిపోయి చివరికి పెంటకుప్పలో కలిసిపోయే వస్తువులు. రాజుల పట్టెమంచాల్లా అవి తరాలపాటు నిలవవు. వాటి చరిత్ర రాయాలంటే కొన్ని పాత పుస్తకాలు, మిగతాదంతా మన మామ్మల మాటలే ఆధారం.

నేను చేసిన తప్పు

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏళ్ళ సంగతి. అప్పుడు నేను చీపురుపల్లిలో లేను, వేరే చోట పనిచేసేదాన్ని. డిసెంబరు నెలలో తనిఖీ ఉందని కబురు వచ్చింది. గదులు శుభ్రంగా కనబడాలని, పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న పాత బొంతలు, గోనెపట్టాలు అన్నీ చుట్టించి స్టోరు గదిలో పెట్టించి తాళం వేశాను. కొత్త దుప్పట్లు పంచాను. తనిఖీ బాగానే జరిగింది. గదులు నీటుగా ఉన్నాయని మెచ్చుకున్నారు కూడా.

ఆ మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి గదుల్లోకి వెళ్ళాను. వరసగా పడుకోవాల్సిన పిల్లలు నలుగురేసి ఐదుగురేసి ఒకచోట ముద్దగా చేరి ఉన్నారు. కొత్త దుప్పట్లను చాలామంది కప్పుకోలేదు. మడతలు పెట్టి కిందేసుకుని, దాని మీద ముడుచుకుని పడుకున్నారు. మూడో తరగతి సవర పాప ఒకతె దగ్గుతూ కూర్చుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది.

రెండు రోజుల తర్వాత ఆ పాప మామ్మ కొండ దిగి వచ్చింది.

"ఏటి వార్డెనమ్మా, మా పాప బొంత ఏది?" అని అడిగింది.

"కొత్త దుప్పటి ఇచ్చాం కదా మామ్మా" అన్నాను.

"దుప్పటి పైకి గదమ్మా. సలి పైనుంచి వస్తాదేటి? నేలలోంచి గదా వస్తాది" అంది.

ఆమె గొంతులో కోపం లేదు. తెలియనిదానికి చెప్పినట్టే చెప్పింది. వెళ్ళి స్టోరు గది తాళం తీశాను.

బి.ఎడ్. చదివినదాన్ని. ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అని ఎన్నోసార్లు బోర్డు మీద రాసినదాన్ని. వాటిని సిమెంటు నేల మీద పడుకున్న పిల్లకి అన్వయించి చూడాలని మాత్రం ఆ రోజు వరకు నాకు తట్టలేదు. మన ఒంటికి వెచ్చదనం దుప్పటి ఇవ్వదు. ఒళ్ళే వేడిని పుట్టిస్తుంది. దుప్పటి, బొంత, గడ్డి చేసే పని ఆ వేడి పారిపోకుండా ఆపడమే. ఆపేది కూడా అసలు గుడ్డ కాదు, గుడ్డ పోగుల మధ్య, గడ్డిపరకల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. పైన కప్పుకున్న దుప్పటి పొంగి ఉంటుంది కాబట్టి దానిలో గాలి నిలుస్తుంది. ఒంటి కిందపడిన దుప్పటి బరువుకి అణిగిపోతుంది, గాలి పోతుంది, నేల వేడిని లాగేసుకుంటుంది. అందుకే కింద వేసేది నలిగినా పూర్తిగా అణగనిదై ఉండాలి. గడ్డి అలాంటిది. గోనె అలాంటిది. నాలుగైదు పొరలు కుట్టిన బొంత అలాంటిది.

పొయ్యి చుట్టూ పడక

మాది కురుపాం వైపు జాతాపు కుటుంబం. మా అమ్మమ్మ ఇల్లు నాకు బాగా గుర్తు. మందమైన మట్టి గోడలు, వంగి దూరాల్సినంత కిందికి దిగిన గడ్డికప్పు, ఒక్కటే తలుపు. లోపల పొయ్యి, పొయ్యి మీదుగా అటక. అటక మీద విత్తనాలు, ఎండు మిరపకాయలు, వాన రోజుల్లో చుట్టిపెట్టిన బొంతలు. పొగ తగిలి విత్తనాలకు పురుగు పట్టేది కాదు, బొంతలకు చెమ్మ పట్టేది కాదు.

చలికాలం పడక కోతల తర్వాత మొదలయ్యేది. పొయ్యికి ఎడంగా జానెడు మందాన ఎండుగడ్డి పరిచేవారు. దాని మీద ఈతాకు చాప. చాప మీద ఒక బొంత. దాని మీద పిల్లలు ముగ్గురు నలుగురు, చివర అమ్మమ్మ. అందరి మీద ఇంకో బొంత. పొయ్యిలో పెద్ద దుంగ ఒకటి రాత్రంతా మెల్లగా రాజుకుంటూ ఉండేది. అణిగిపోయిన గడ్డిని కొన్నాళ్ళకు తీసేసి కొత్తది వేసేవారు. తీసిన గడ్డి పెంటకుప్పకు, అక్కడ నుంచి పొలానికి వెళ్ళేది.

పోడు చేలో కాపలా పడుకునేవాళ్ళది ఇంకో లెక్క. సామలు, చోళ్ళు, కందులు పండే వేళకి పందుల బెడద ఉంటుంది కాబట్టి రాత్రుళ్ళు మంచె మీద ఉండాల్సిందే. మంచె నేలకు ఎత్తులో ఉంటుంది. నేల చల్లదనం తగలదు గాని వెదుళ్ళ సందుల్లోంచి గాలి వీపుకి కొడుతుంది. అందుకని మంచె మీద కూడా ముందు గడ్డి, తర్వాత చాప. కప్పుకోవడానికి ఒకే దుప్పటి ఉన్నా సర్దుకునేవారు గాని, కింద గడ్డి లేకుండా ఎవరూ మంచె ఎక్కేవారు కాదు. వాన వస్తే తలమీదకి ఆకులతో అల్లిన గిడుగు.

మంచం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నులకమంచం మన ఇళ్ళలో ఎండాకాలపు వస్తువు. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి వేసవిలో వాకిట్లో హాయిగా ఉంటుంది. అదే గాలి పుష్యమాసంలో శత్రువు. అప్పుడు మంచాన్ని గోడకు నిలబెట్టి అందరూ గడ్డి మీదకి దిగేవారు. మంచం మీద పడుకునేవాడు గొప్ప, నేల మీద పడుకునేవాడు తక్కువ అన్న లెక్క మైదానం నుంచి వచ్చింది. మనవాళ్ళు కాలాన్ని బట్టి పడకను ఎక్కించేవారు, దించేవారు.

గుడ్డ ఎక్కడి నుంచి వచ్చింది

బొంత మనకు అనాదిగా ఉందని అనుకుంటాం. అది ఎంత పాతదో ఆలోచిస్తే నాకు అనుమానం వస్తుంది. బొంత కుట్టాలంటే ముందు ఇంట్లో నాలుగు పాత చీరలు ఉండాలి. అంత గుడ్డ మన ముత్తాతల ఇళ్ళలో ఎక్కడిది?

1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన 'దక్షిణ భారత కులాలు, తెగలు' అనే ఇంగ్లీషు గ్రంథంలో ఎడ్గర్ థర్‌స్టన్ సవరల్లో పనిని బట్టి ఏర్పడ్డ శాఖల గురించి రాశాడు. ఇనుప పని చేసేవాళ్ళు, బుట్టలు అల్లేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళతో పాటు, తమ తెగవాళ్ళు కట్టుకునే ముతక గుడ్డ నేసే ఆర్సి శాఖ కూడా అందులో ఉంది. గదబ స్త్రీలు చెట్టు నారతో బట్ట నేసుకోవడం గురించి కూడా ఆ పుస్తకంలో ఉంది. గుడ్డ కోసం ఒక ఆడమనిషి నార తీసి, వడికి, నేయాల్సి వచ్చిన రోజుల్లో ఆ గుడ్డ విలువ ఎంతో ఊహించుకోండి. దాన్ని చిరిగేదాకా కట్టుకుంటారు గాని పొరలు పొరలుగా కుట్టి కిందేసుకోరు. ఆ కాలంలో వెచ్చదనం పొయ్యి నుంచి, గడ్డి నుంచి, పక్కన పడుకున్న మనుషుల నుంచి రావాల్సిందే.

మా చీపురుపల్లికి దగ్గర్లోనే పొందూరు ఉంది. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు తీసే ఊరిగా దేశమంతా పేరున్నది. ఆ నేతకు వాడే రకాల్లో ఒకదాని పేరే కొండపత్తి. కొండ పేరు మోసిన పత్తి సన్నని పంచెలై పట్నాలకు వెళ్ళింది. కొండ మీద పిల్లలు మాత్రం గడ్డిలో పడుకున్నారు. మిల్లు గుడ్డ చవకై, సంతలోకి వచ్చి, ప్రతి ఇంట్లో పాత చీరలు పోగుపడ్డాకే బొంతలు పెరిగి ఉంటాయని నా అంచనా.

గొంగడి మన వైపు ఎందుకు తక్కువ అని కూడా పిల్లలు అడుగుతారు. గొంగడికి దక్కనీ గొర్రె ఉన్ని కావాలి. తెలంగాణ, రాయలసీమల్లో కురుమలు ఆ ఉన్నితోనే నేస్తారు. నెల్లూరు జాతి వంటి కోస్తా గొర్రెల ఒంటిమీద ఉండేది వెంట్రుకే. దాంతో గొంగడి రాదు. మనకు దొరికింది గోగునార. శ్రీకాకుళం, విజయనగరం మెట్టల్లో గోగు పండుతుంది. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉంది. అందుకే ఈ ప్రాంతపు పేదల పడకలో గోనెపట్టాకి ఇంత చోటు దొరికింది. తెలంగాణ పేదకి గొంగడి ఎలాగో, మన పేదకి గోనె అలాగ.

లోకమంతా నేర్చుకున్న పాఠం

ఇప్పుడు కొండలెక్కేవాళ్ళు, అడవుల్లో గుడారాలు వేసుకునేవాళ్ళు వాడే స్లీపింగ్ బ్యాగ్ కూడా ఇలాంటి అనుభవాల నుంచే వచ్చింది. వేల్స్ దేశంలో న్యూటౌన్ అనే ఊళ్ళో ప్రైస్ ప్రైస్-జోన్స్ అనే ఉన్ని బట్టల వ్యాపారి 1876లో సంచిలా మడిచే కంబళికి పేటెంటు తీసుకున్నాడు. టర్కీతో యుద్ధంలో ఉన్న రష్యా సైన్యం వాటిని 60,000 దాకా కొనడానికి ఒప్పుకుంది. 1888లో నార్వే వాడైన నాన్సెన్ గ్రీన్‌లాండ్ మంచును అడ్డంగా దాటినప్పుడు అతనితో కలిపి ఆరుగురున్నారు. వాళ్ళకి రెయిన్‌డీర్ తోలు సంచులు రెండే. ఒక్కొక్క సంచిలో ముగ్గురు పడుకున్నారు. మా అమ్మమ్మ ఒకే బొంత కింద నలుగురు మనవల్ని పడుకోబెట్టింది కూడా ఆ లెక్కతోనే.

ఇంకో సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. ఫలానా స్లీపింగ్ బ్యాగ్ ఎంత చలికి ఆగుతుందో కొలవడానికి ఐరోపా దేశాలు 2002లో ఇ.ఎన్. 13537 అనే ప్రమాణం తెచ్చాయి. వేడి పుట్టించే బొమ్మను సంచిలో పడుకోబెట్టి కొలుస్తారు. ఆ బొమ్మ కింద ఒక పరుపు వేసే కొలుస్తారు. సంచి మీద రాసి ఉన్న అంకె, కింద పరుపు ఉంటేనే నిజం. సవర మామ్మ నాతో అన్న మాట కూడా అదే.

మన పిల్లలు ఆ సంచుల దాకా కూడా వెళ్ళారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్ళే. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్‌కు, లద్దాఖ్‌కు సాగింది. ఆ ఎత్తుల్లో గుడారం వేసుకునేవాళ్ళు ఎవరైనా ముందు నురగ చాప పరుస్తారు, దాని మీద గాలి పరుపు, దాని మీద ఈకలు కూరిన సంచి, లోపల పొడి బట్టలు. పేర్లు మారాయి గాని, గడ్డి, చాప, బొంత వరసే అది.

హాస్టల్‌లో ఏం జరిగింది

గిరిజన పిల్లల్ని ఒకచోట ఉంచి చదివించే ఆశ్రమ పాఠశాల ఆలోచన 1922లో గుజరాత్‌లో భిల్ సేవా మండల్ స్థాపించిన ఠక్కర్ బాపా పనితో వేళ్ళూనుకుంది. మన వైపు గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవరల్ని తన ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి బడులు నడిపారు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమండార్ఫ్ గోండు పిల్లల చదువుకు పునాది వేశాడు. అయిదో పంచవర్ష ప్రణాళికలో గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది, దాని వెంట ఐ.టి.డి.ఎ.లు వచ్చాయి. సీతంపేట, పార్వతీపురం ఐ.టి.డి.ఎ.ల పేర్లు తెలియని గిరిజన ఇల్లు మన ప్రాంతంలో ఉండదు. ఈ చదువే లేకపోతే నేను ఈ వ్యాసం రాయగలిగేదాన్ని కాదు.

అయితే కొండ మీద ఇంట్లోంచి పిల్ల హాస్టల్‌కి వచ్చినప్పుడు ఆమె పడకలో మూడు వస్తువులు వెనకే ఉండిపోయాయి. పొయ్యి, గడ్డి, పక్కన మామ్మ. ఆ మూడింటికి బదులుగా ఆమెకు దొరికినవి సిమెంటు నేల, పలచటి కార్పెట్, ఒక దుప్పటి. మైదానంలో చలి తక్కువే కదా అని పెద్దవాళ్ళకి అనిపిస్తుంది. చీపురుపల్లిలో చలి నిజంగానే అరకు, లంబసింగి చలి కాదు. కాని సిమెంటు నేల మట్టి అరుగు లాంటిది కాదు. వానాకాలంలో చెమ్మ పీలుస్తుంది, చలికాలంలో తెల్లారేసరికి చల్లబడిపోతుంది. తడి అయితే మరీ ప్రమాదం. కదలని గాలి కన్నా నీరు 20 రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. చెమ్మ పట్టిన బొంత ఉన్నా లేనట్టే.

దానాలు ఇచ్చేవాళ్ళు కూడా ఎప్పుడూ దుప్పట్లే ఇస్తారు. ఫోటోలో పిల్ల భుజాల మీద దుప్పటి కప్పితే బాగుంటుంది. చాప ఇస్తూ ఫోటో దిగినవాళ్ళని నేను చూడలేదు. వాళ్ళని తప్పుపట్టడం లేదు. ఒకప్పుడు నేను చేసిన పొరపాటే వాళ్ళదీ.

పొగ గురించి నిజం కూడా చెప్పాలి. ఆ పొయ్యి ఊరికే వెచ్చదనం ఇవ్వలేదు. మా అమ్మమ్మ కళ్ళు ముందే పోయాయి, దగ్గు చివరిదాకా వదల్లేదు. నిప్పు పక్కన పడుకుని కాలిన పిల్లల్ని చూశాను. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. మూసిన గదిలో కుంపటి పెట్టుకుంటే విషవాయువుతో ప్రాణం పోతుంది. మా హాస్టల్‌లో కుంపటికి చోటు లేదు. పొయ్యిని వదిలేయాలి. దాని కింద ఉన్న గడ్డి తెలివిని మాత్రం వదలకూడదు.

ఇప్పుడు మేం చేస్తున్నది

కొన్నేళ్ళుగా మా పిల్లలకి మూడు కాలాలకి మూడు వరసలు నేర్పుతున్నాను. మీ ఇళ్ళలోనూ, విహారాలకు వెళ్ళి గుడారాల్లో పడుకునేటప్పుడూ ఇవే పనికొస్తాయి.

చలికాలంలో నేల మీద పాత పేపర్లు నాలుగైదు పొరలు, వాటి మీద ఉతికి ఎండబెట్టిన గోనెపట్టా, తర్వాత చాప, ఆ పైన బొంత. కప్పుకోవడానికి ఒక మందపాటిదాని కన్నా రెండు పలచటివి మేలు. రెండిటి మధ్య గాలి నిలుస్తుంది, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. కాళ్ళు కడుక్కున్నాక తుడుచుకోకుండా పక్క ఎక్కకూడదు. తడి తలతో పడుకోకూడదు. తలకి తువ్వాలు చుట్టుకోవాలి, ముఖం మీద మాత్రం దుప్పటి లాక్కోకూడదు. ఊపిరి తడికి దుప్పటి చెమ్మగిల్లుతుంది. అన్నం మానేసి పడుకోవడం అసలు వద్దు. తిన్న అన్నమే ఒంటికి పొయ్యి.

వానాకాలంలో పక్క నేలకు తగలకుండా ఉండటం ముఖ్యం. బల్లలో, మంచాలో ఉంటే అప్పుడు వాడాలి. ఎండ కనబడ్డ ప్రతి పూటా బొంతలు తీగల మీదకి వెళ్ళాలి. దోమతెర కూడా పడకలో ఒక పొరే. అంచులు చాప కిందకి దోపాలి.

ఎండాకాలంలో అన్నీ తీసేసి చాప ఒక్కటే. బొంతలు వేడినీళ్ళలో ఉతికి, రెండు రోజులు ఎండలో వేసి, వేపాకు పెట్టి చుట్టేస్తాం. గజ్జి తగ్గడానికి మందుతో పాటు ఈ పని కూడా సాయపడింది.

జూన్‌లో పిల్లలు చేరేటప్పుడు తల్లిదండ్రులకి నేనే చెబుతున్నాను, ఇంటి బొంత పంపమని. మొదట సిగ్గుపడతారు. "పాతదమ్మా, వాసనొస్తాది" అంటారు. "ఉతికి పంపండి, చాలు" అంటాను. తనిఖీకి ఎవరొచ్చినా ఇప్పుడు ఆ బొంతలు గదుల్లోనే ఉంటాయి. అడిగినవాళ్ళకి ఎందుకో చెబుతాను.

ఈ సంచిక చదువుతున్నవాళ్ళకి రెండు మనవులు. ఈసారి ఏ హాస్టల్‌కైనా దుప్పట్లు పంచాలనుకుంటే, ఆ డబ్బులో సగానికి చాపలు, గోనెపట్టాలు కొనండి. రెండోది, మీ ఊళ్ళో బొంత కుట్టే మామ్మ ఉంటే ఆమె దగ్గర ఒక పూట కూర్చోండి. ఎన్ని పొరలు వేస్తుంది, కుట్టు ఎంత దూరంలో వేస్తుంది, గడ్డి ఏ చేనుది మంచిది, ఏ నెలలో తీస్తుంది అని అడిగి, సవరలో చెబితే సవరలోనే, కువిలో చెబితే కువిలోనే రాసిపెట్టండి. మన సంఘం దాన్ని వచ్చే సంచికలో వేయగలదు.

ఆ సవర పాప ఇప్పుడు పెద్దదై, తనే ఒక బడిలో పాఠాలు చెబుతోంది. పోయిన సంక్రాంతికి కలిసినప్పుడు అడిగాను, ఆ బొంత ఉందా అని. సగం చిరిగిపోయిందట. మిగిలిన సగానికి మామ్మ చీర ఒకటి కలిపి కుట్టి, తన కూతురి కింద పరుస్తోందట.